సైనికుడి సమాధికి సంరక్షకులెవరు?

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో కాలనీకి ఆ పేరు వ్యవసాయ పనిముట్ల కర్మాగారం నుంచి వచ్చింది. దాదాపు శతాబ్ద కాలంగా అగ్రికో ముద్రతో తయారైన పారలు, పలుగులు, గడ్డపారలు దేశమంతటా అమ్ముడవుతున్నాయి. చేను తవ్వడానికైనా, గోతి తవ్వడానికైనా అవే పనిముట్లు. ఈ కాలనీలో స్థిరపడిన మాజీ సైనికుడు కన్నుమూస్తే, దహన సంస్కారం పాటించే కుటుంబమైతే అంతిమయాత్ర చేరువలోని భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నదీతీరాన ఉన్న దహనవాటికకు సాగుతుంది. క్రైస్తవ కుటుంబమైతే బేల్‌డీహ్ వంటి శ్మశానవాటికకు వెళ్తుంది. ఇరుగుపొరుగున ఉన్న మాజీ సైనికులు టోపీలు సవరించుకుని వచ్చి ఓ పుష్పగుచ్ఛం ఉంచుతారు. అంతటితో దేశానికీ ఆ సైనికుడికీ మధ్య లెక్క ముగుస్తుంది. జంషెడ్‌పూర్ కంటోన్మెంట్ కాదు, కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణం. సైనికుడికంటూ ప్రత్యేకించిన విశ్రాంతి స్థలం ఇక్కడ లేదు.

ఇక్కడి నుంచి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, రాంచీలోని కాంటాటోలి వద్ద, దృశ్యం వేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మరణించిన దాదాపు 700 మంది కామన్వెల్త్ సైనికుల సమాధులు అక్కడ వరుసలు తీరి ఉన్నాయి. గడ్డి కత్తిరించి ఉంటుంది. ఎనిమిది దశాబ్దాలు గడిచినా రాతిపై పేరు చదవవచ్చు. అక్కడ నిద్రిస్తున్న వారి బంధువుల్లో అత్యధికులు ఆ సమాధులను ఒక్కసారైనా చూసి ఉండరు. అయినా వాటి సంరక్షణకు ఒక సంస్థ ఉంది, ఆ సంస్థకు ఒక బడ్జెట్ ఉంది, ఎవరు పట్టించుకోవాలన్న ప్రశ్నకు సమాధానం ఉంది. జార్ఖండ్ గడ్డపై పుట్టి దేశం కోసం ప్రాణమిచ్చిన సైనికుల సమాధుల విషయంలో అదే ప్రశ్న వేస్తే సమాధానం దొరకదు.

ఇది ఊహాజనితమైన ఆరోపణ కాదు. ఈ రాష్ట్రం అత్యంత గర్వంగా చెప్పుకొనే వీరుడి విషయంలోనే ఇది రుజువైంది.

లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా స్వస్థలం గుమ్లా జిల్లాలోని జారీ గ్రామం. 1942లో ఆదివాసీ కుటుంబంలో పుట్టి, 20 ఏళ్ల వయసులో బిహార్ రెజిమెంట్‌లో చేరారు. అనంతరం 14 గార్డ్స్‌కు మారారు. 1971 డిసెంబర్ 3 రాత్రి మొదలైన గంగాసాగర్ పోరులో శత్రు బంకర్లను ఒక్కొక్కటిగా నిశ్శబ్దం చేసి, చివరి మెషిన్‌గన్‌ను కూడా ఆపి, ప్రాణాలు విడిచారు. మరణానంతరం పరమవీర చక్ర లభించింది. రాంచీ నడిబొడ్డున కూడలికి ఆయన పేరు పెట్టారు. 2000లో తపాలా బిళ్ళ వెలువడింది. స్వగ్రామం ఉన్న బ్లాకుకు కూడా ఆయన పేరే పెట్టారు. అయితే ఆయన భౌతికకాయం మాత్రం త్రిపురలో, అగర్తలా శివారులోని డుక్లీ వద్ద మట్టిలో కలిసింది. జారీలో ఆయన భార్య బలమదీనా ఎక్కా నాలుగు దశాబ్దాలకు పైగా కోరుతూ వచ్చింది ఒక్కటే: భర్త సమాధి మట్టి తన ఊరికి రావాలని.

2015 డిసెంబర్‌లో, ఆయన వర్ధంతి సందర్భంగా, రఘువర్ దాస్ ముఖ్యమంత్రిగా ఉన్న నాటి ప్రభుత్వం అగర్తలా నుంచి మట్టి కలశాన్ని జారీకి చేర్చింది. రఘువర్ దాస్ అగ్రికో వాసి కావడం యాదృచ్ఛికం. సంకల్పాన్ని తప్పుపట్టనవసరం లేదు. 44 ఏళ్లలో మరే ప్రభుత్వమూ చేయని పనికి అది పూనుకొంది. కానీ కుటుంబం ఆ కలశాన్ని స్వీకరించడానికి వెనుకాడింది. ఇది నిజంగా ఆయన సమాధి మట్టేనని ఆధారమేమిటని అడిగింది. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ చూపదగిన పత్రం ఎవరి చేతిలోనూ లేకపోయింది. మరుసటి నెలలో కుటుంబ సభ్యులు స్వయంగా అగర్తలా వెళ్ళి, స్థలాన్ని కళ్లారా చూసి, మట్టి తెచ్చుకున్న తరువాతే ఆ సందేహం తీరింది.

దేశపు అత్యున్నత శౌర్య పురస్కారం పొందిన వ్యక్తి సమాధి విషయంలోనే పరిస్థితి ఇదైతే, ఏ పతకమూ లేని సిపాయి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అదే త్రిపుర నేలపై జరిగిన మరో ఘటన పోల్చి చూడదగినది. బంగ్లాదేశ్ విముక్తి పోరాటంలో 1971 అక్టోబర్‌లో నేలకొరిగిన హమీదుర్ రహమాన్‌ను ధలాయ్ ప్రాంతంలోని హాతిమేర్‌ఛరా గ్రామంలో ఖననం చేశారు. ఆయన బంగ్లాదేశ్ అత్యున్నత శౌర్య బిరుదమైన బీర్‌శ్రేష్ఠ గ్రహీత. 2007 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ అవశేషాలను వెలికితీయించి, సైనిక లాంఛనాలతో ఢాకాకు తరలించి, అమర మేధావుల శ్మశానవాటికలో పునఃఖననం చేసింది. అంతకు ముందు ఏడాదే మరో బీర్‌శ్రేష్ఠ మతియుర్ రహమాన్ అవశేషాలను కరాచీ నుంచి తెచ్చుకుంది. 36 ఏళ్ల తరువాత కూడా తమ సైనికుడు ఎక్కడున్నాడో తెలుసుకుని తీసుకుపోవడం ఆర్థిక స్తోమతకు సంబంధించిన విషయం కాదని ఆ ఉదంతం నిరూపించింది.

మన దేశంలో ఈ లోటు ఎలా ఏర్పడిందో చూడాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. స్వాతంత్ర్యానంతరం జరిగిన తొలి యుద్ధాల్లో మరణించిన సైనికులకు చాలావరకు యుద్ధభూమికి సమీపంలోనే అంత్యక్రియలు జరిగేవి. 1962లో రెజాంగ్ లా వద్ద నేలకొరిగిన వారి దేహాలు మంచు కింద నుంచి బయటపడింది మరుసటి ఏడాది ఫిబ్రవరిలో. అత్యధికులకు అక్కడే చితి పేర్చారు. దహన సంస్కారమే అధిక సంఖ్యాకుల ఆచారం కావడంతో సైనిక శ్మశానవాటిక అన్న ఆలోచనకే మన వ్యవస్థలో చోటు లేకపోయింది. బూడిద నదిలో కలిసిన తరువాత సంరక్షించవలసినదేముంది అన్న ధోరణి పాతుకుపోయింది. 1999 కార్గిల్ యుద్ధం నుంచి భౌతికకాయాలను స్వగ్రామాలకు చేర్చడం స్థిరమైన ఆనవాయితీగా మారింది. ఇది మానవీయమైన, స్వాగతించవలసిన మార్పు. అయితే దీనితోపాటే మరొకటి నిశ్శబ్దంగా జరిగిపోయింది. అంత్యక్రియల స్థలం బాధ్యత ప్రభుత్వం నుంచి కుటుంబానికి బదిలీ అయింది.

2019 ఫిబ్రవరి 25న న్యూఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఒక పెద్ద లోటును పూడ్చింది. సుమారు 40 ఎకరాల్లో, 25,942 పేర్లతో అది ప్రజల ముందుకు వచ్చింది. ఆ గ్రానైట్ పలకలపై ఆల్బర్ట్ ఎక్కా పేరు ఉంది. కానీ పేరు ఉన్న చోటు వేరు, మనిషి ఉన్న చోటు వేరు. ఢిల్లీలోని పలకపై చేయి వేసి నిలబడగలిగే స్థోమత జారీ గ్రామంలోనో, బహరాగోడా పల్లెల్లోనో ఎందరికి ఉంటుంది?

తూర్పు సింహభూమ్ జిల్లా పేరు వచ్చింది కనుక తెలుగువారికి మరింత దగ్గరి విషయం ఒకటి గుర్తు చేసుకోవాలి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. 16వ బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆయన నాయకత్వంలో పోరాడి మరణించిన సిపాయి గణేశ్ హాంసదాది ఇదే జిల్లాలోని బహరాగోడా సమీపంలోని కోసాఫాలియా గ్రామం. ఒకే రాత్రి, ఒకే దళం, ఒకే లోయ. కర్నల్‌కు సూర్యాపేట సమీపంలోని కేసారంలో కుటుంబ భూమిలో అంత్యక్రియలు జరిగాయి. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, బంజారాహిల్స్‌లో 711 చదరపు గజాల స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. సూర్యాపేట కూడలిలో నిలువెత్తు విగ్రహం వెలిసింది. మరణానంతరం మహావీర చక్ర లభించింది. ఇవన్నీ ఆయనకు తగిన గౌరవాలే. అయితే అదే దళంలోని సిపాయికి ఏమి దక్కాలన్నది మాత్రం అతను పుట్టిన రాష్ట్రం మీద, ఆనాటి ప్రభుత్వ వనరుల మీద, స్థానిక నాయకుల ఆసక్తి మీద ఆధారపడుతుంది. దేశమంతటికీ వర్తించే ఏకరీతి ప్రమాణం లేదు.

2025 మే 9న ఆపరేషన్ సిందూర్ సమయంలో జమ్మూకశ్మీర్ సరిహద్దు కాల్పుల్లో మరణించిన అగ్నివీరుడు మురళీ నాయక్‌ది శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. మే 11న స్వగ్రామంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి, మంత్రులు తండాకు తరలివచ్చారు. 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించారు. ఇటువంటి ప్రకటనల్లో నగదు ఉంటుంది, భూమి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. సమాధి స్థలాన్ని ఏటా ఎవరు శుభ్రం చేస్తారు, ప్రహరీ ఎవరు కడతారు, పక్క పొలం చేతులు మారితే దారి హక్కు ఎవరిది అన్న పంక్తి ఎక్కడా కనిపించదు. ఈ విషయంలో వార్తా సంస్థలమైన మేమూ తప్పించుకోలేం. అంత్యక్రియల రోజు ప్రత్యక్ష ప్రసారం ఇస్తాం. అయిదేళ్ల తరువాత ఆ ఊరికి మళ్ళీ వెళ్ళి చూసేది అరుదు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరానికి మిలటరీ మాధవరమన్న పేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్ళారన్నది ఆ ఊరు తరతరాలుగా చెప్పుకొనే లెక్క. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఆ గ్రామంలో స్మృతిని నిలిపి ఉంచింది ప్రధానంగా గ్రామస్థులు, మాజీ సైనికులే. ఊరంతా సైనిక కుటుంబాలైనప్పుడు అది సాధ్యం. సైనిక కుటుంబం ఒక్కటే ఉన్న పల్లెలో ఆ బరువు ఒక్క ఇంటిపైనే పడుతుంది.

ప్రపంచంలో ఈ బాధ్యతను వ్యవస్థగా మార్చిన నమూనాలు ప్రధానంగా రెండు. ఒకటి అమెరికాది. అంతర్యుద్ధ కాలంలో, 1862లో, చట్టం ద్వారా జాతీయ శ్మశానవాటికలు మొదలయ్యాయి. నేడు వాటి సంఖ్య 150కి పైగా. యుద్ధంలో మరణించిన వారికే కాక, సేవ ముగించి ఇంటికి చేరి వార్ధక్యంలో కన్నుమూసిన వారికీ అక్కడ హక్కు ఉంటుంది. మాజీ సైనికుడి నివాసానికి 75 మైళ్లలోపు ఒక శ్మశానవాటిక అందుబాటులో ఉండాలన్నది వారి లక్ష్యం. 1864లో మొదలైన అర్లింగ్టన్‌లో స్థలం చాలక, దక్షిణ దిశగా సుమారు 70 ఎకరాల విస్తరణ చేపట్టారు. అంత చేసినా అది 2060 ప్రాంతం వరకే సరిపోతుందన్న అంచనాతో, అర్హత నిబంధనలను కఠినతరం చేసే ప్రతిపాదన కూడా తెచ్చారు. విస్తరణకు అంతం లేదన్న పాఠం అందులో ఉంది. 1944లో బి-29 బాంబర్ విమానాలు ఎగిరిన చాకులియా విమానాశ్రయం ఈ తూర్పు సింహభూమ్ జిల్లాలోనిదే. యుద్ధానంతరం భారత్‌లోని తమ సైనికుల సమాధులను అమెరికా ఇక్కడ ఉంచలేదు, తరలించుకుపోయింది.

రెండోది కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్. 1917లో ఏర్పడిన ఈ సంస్థ మరణించిన చోటే ఖననం, హోదా భేదం లేని ఒకే తీరు రాయి, శాశ్వత సంరక్షణ అన్న సూత్రాలు పెట్టుకుంది. సూత్రం గొప్పదే, ఆచరణలో పక్షపాతం ఉంది. మెసొపొటేమియాలో మరణించిన వారికి కట్టిన బస్రా స్మారకంపై భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గాని, సామాన్య సిపాయిలను దళాల వారీగా అంకెలుగా మాత్రమే చూపారు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఆ రంగానికి వెళ్ళిన దళాల్లో తెలుగువారూ ఉన్నారు. ఆసియా, ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన సుమారు 45 వేల నుంచి 54 వేల మంది మృతులకు సమాన గౌరవం దక్కలేదని 2021లో కమిషన్ నియమించిన సంఘమే అంగీకరించింది. కమిషన్ ఖర్చును ఆరు సభ్యదేశాలు సమాధుల సంఖ్యను బట్టి పంచుకుంటాయి. భారత్ వాటా సుమారు 1.2 శాతం. రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షన్నరకు పైగా ప్రాణాలు అర్పించిన దేశానికి ఇంత తక్కువ వాటా రావడానికి కారణం, మన వారిలో అత్యధికులకు విడి సమాధి లేకపోవడమే.

ఈ కమిషన్ పరిధికి ఒక గీత ఉంది: 1947 డిసెంబర్ 31. ఆ తేదీ తరువాతి మరణాలు దాని లెక్కలోకి రావు. మరి ఆ గీతకు ఇవతల ఉన్న వారి బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ సమాధి చెబుతుంది. నౌషేరా సింహంగా ప్రసిద్ధుడైన ఆయన 1948 జులై 3న ఝాంగర్ వద్ద వీరమరణం పొందారు. ఢిల్లీలో జరిగిన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ స్వయంగా హాజరయ్యారు. జామియా మిలియా ఇస్లామియా సమీపంలోని శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. 2020 డిసెంబర్‌లో ఆ మహావీర చక్ర గ్రహీత సమాధి రాయి పగిలి ఉన్నట్లు వార్తలు వచ్చాయి. నిర్వహణ బాధ్యత విశ్వవిద్యాలయానిదా, సైన్యానిదా అన్న చర్చ మొదలైంది. చివరకు సైన్యం కల్పించుకోవడంతో సమాధి బాగుపడింది. గీతకు ఆరు నెలల ముందు మరణించి ఉంటే, ఆ చర్చకే తావుండేది కాదు.

దహనం అధికంగా ఉన్న దేశంలో సమాధుల గొడవ ఎందుకన్న వాదన వినిపించవచ్చు. అది ఢిల్లీలో చెల్లవచ్చు, జార్ఖండ్‌లో చెల్లదు. బిహార్ రెజిమెంట్‌కు, గార్డ్స్‌కు యువకులను పంపిన ఈ నేలలో ఖననం పాటించే ఆదివాసీ, క్రైస్తవ, ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ ఖననం ఆచారంగా ఉన్న కులాలు, తెగలు అనేకం. సైన్యంలో వీరి పాత్ర చిన్నది కాదు. అందువల్ల సమాధి సంరక్షణ ఏ ఒక్క మతానికో సంబంధించినది కాదు, చిన్న కుటుంబాలకు పెద్ద భారమైన అంశం.

అమెరికా తరహాలో వందల ఎకరాల విస్తరణ మనకు సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. దేశంలో ఏటా సుమారు 60 వేల మంది సైనికులు పదవీ విరమణ చేస్తారు. వారందరికీ ప్రత్యేక వాటికలు కట్టబూనితే భూమి చాలదు, కుటుంబాలు కూడా తమ ఊరి మట్టినే కోరుకుంటాయి. కావలసినది సంరక్షకుడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ప్రతి జిల్లాలోనో, కొన్ని జిల్లాలకు కలిపో ఇప్పటికే పనిచేస్తోంది. పింఛను, విద్యార్థి వేతనం, వైద్య సహాయం దాని రోజువారీ పనులు. జిల్లాలో ఏ సైనికుడు ఎక్కడ ఖననమయ్యాడు, ఎక్కడ దహనమయ్యాడు అన్న రిజిస్టరును ఆ కార్యాలయానికి అప్పగించి, ఏటా ఒకసారి తనిఖీకి, మరమ్మతుకు చిన్న నిధి కేటాయిస్తే సగం సమస్య తీరుతుంది. అటువంటి రిజిస్టరు 1971 నుంచీ ఉండి ఉంటే, జారీలో ఆ కలశాన్ని ఎవరూ శంకించేవారు కాదు.

స్థలం విషయంలోనూ దారులున్నాయి. తెలంగాణలో 12 వేలకు పైగా గ్రామ పంచాయతీల్లో ఉపాధి హామీ నిధులతో వైకుంఠధామాల నిర్మాణం చేపట్టారు. ప్రతి చోటా ఒక మూలను సైనికులకు కేటాయించి, దహనమైన వారికి పేరు చెక్కిన రాయి, ఖననమైన వారికి కాపాడిన సమాధి ఉండేలా చూడడం పంచాయతీ తీర్మానంతో అయ్యే పని. జంషెడ్‌పూర్‌లో పరిస్థితి భిన్నం. ఇక్కడి భూమిలో అధిక భాగం టాటా స్టీల్ లీజులో ఉంది. 2005లో పునరుద్ధరించిన ఆ లీజు 1996 నుంచి 30 ఏళ్లకు, అంటే 2025 డిసెంబర్ 31 వరకు ఉద్దేశించినది. అనంతర ఒప్పందంలో పాఠశాలలకు, ఆసుపత్రులకు, ఉద్యానాలకు చోటు అడిగే వారు చాలామంది ఉంటారు. శ్మశానవాటికకు చోటు అడిగే వారు తక్కువ. ఓట్లు తెచ్చే అంశం కాదు గదా! అగ్రికో, గోల్మురి, సీతారామ్‌డేరా ప్రాంతాల మాజీ సైనికులు విజయ దివస్ నాడు అమరులకు పూలు సమర్పించే సందర్భంలోనే ఈ విజ్ఞప్తిని కూడా జిల్లా యంత్రాంగం ముందు ఉంచితే అది అత్యాశ కాబోదు.

చిన్నదిగా కనిపించే మరో అంశం ఉంది. జాతీయ పతాక నియమావళి ప్రకారం ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలటరీ అంత్యక్రియల్లో మాత్రమే దేహంపై త్రివర్ణ పతాకాన్ని కప్పవచ్చు. దానిని గోతిలోకి దించకూడదు, చితిపై కాల్చకూడదు. సేవ ముగించుకుని ఇంటికి వచ్చిన మాజీ సైనికుడి కుటుంబం ప్రేమతో పతాకం కప్పితే అది నిబంధనల ఉల్లంఘన అవుతుంది. పాతికేళ్లు ఆ పతాకం కింద నిలబడిన మనిషికి చివరి రోజున అది వర్తిస్తుందా లేదా అన్నది స్పష్టంగా చెప్పే ఒక్క పుట మార్గదర్శకం జిల్లా స్థాయిలో అందుబాటులో ఉంటే, శోకంలో ఉన్న కుటుంబాలు పోలీసు స్టేషన్‌కూ కలెక్టరేట్‌కూ మధ్య పరుగెత్తవలసిన అవసరం తప్పుతుంది.

ఈ పనులన్నిటికీ ముందు తేల్చవలసిన నిర్వచనం ఒకటుంది. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల సేవ ముగించే అగ్నివీరుల్లో నాలుగో వంతు మంది మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. మిగిలిన వారికి మాజీ సైనికుల హోదా ఉండదని పథకం నిబంధనలు చెబుతున్నాయి. అంటే 2026 చివరి నుంచి జార్ఖండ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలకు తిరిగివచ్చే వేలాది యువకులు సైనిక సంక్షేమ కార్యాలయపు జాబితాల్లో కనిపించరు. వారిలో ఒకరు రేపు ఏ ప్రమాదంలోనో, వ్యాధితోనో మరణిస్తే, అతను సైనికుడా, మామూలు పౌరుడా? సమాధి రాయిపై పేరుతోపాటు సైనిక సంఖ్య చెక్కే హక్కు కుటుంబానికి ఉంటుందా? పింఛను పుస్తకాన్ని బట్టి కాక, సైన్యంలో చేరిన నాడు ఇచ్చిన సంఖ్యను బట్టి ఈ హక్కును నిర్ణయించాలని కేంద్రీయ సైనిక్ బోర్డు భావిస్తే, ఆ ఉత్తర్వు తొలి దళం ఇంటికి చేరకముందే రావాలి.